డిపార్ట్‌మెంట్ మారాలంటే ఓడెక్కాలి!

మొన్న ఆదివారం రాత్రి పదకొండింటికి మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. ఆ టైమ్‌లో వాడు చేశాడంటే డబ్బులైనా అయిపోయి ఉండాలి, ప్రాజెక్టైనా మునిగిపోతూ ఉండాలి. ఈసారి రెండోది.

"అక్కా, ఏజియన్ అంటే ఏదైనా కంపెనీ పేరా?"

వాడు ఎంటెక్ ఆఖరి ఏడాది. వైఫై మీద జరిగే దాడుల్ని కంప్యూటర్ దానంతటదే పసిగట్టేలా చేయడం వాడి ప్రాజెక్టు. అందుకు డేటా కావాలి కదా. గైడ్ 'ఏడబ్ల్యూఐడీ' అనే డేటాసెట్ వాడమన్నారట. అందులో 'ఏ' అంటే ఏజియన్. వైవాలో ఎవరైనా అడిగితే ఏం చెప్పాలని వాడి టెన్షన్.

"కంపెనీ కాదురా, సముద్రం. గ్రీసుకీ టర్కీకీ మధ్యలో ఉంటుంది. దాని పేరుతో యూనివర్సిటీ ఉంది" అన్నాను.

"సముద్రంలో యూనివర్సిటీ ఏంటక్కా? మా కాలేజీ ఊరవతల ఉందనే మమ్మల్ని ఎవడూ పట్టించుకోడు" అని నవ్వి పెట్టేశాడు. వాడు పడుకున్నాడు. నేనే తెల్లారేదాకా ఫోన్ గీకుతూ కూర్చున్నాను.

ముందు వాడి వైఫై సంగతి. మీ ఫోన్‌కి "నీ కనెక్షన్ కట్ అయింది" అని ఒక దొంగ మెసేజ్ పంపి నెట్‌వర్క్‌లోంచి గెంటేయొచ్చు. మీరు రోజూ వాడే హాట్‌స్పాట్ పేరే పెట్టి, పక్కన నకిలీది తెరిచి కూర్చోవచ్చు. ఇలాంటి దాడుల్ని తమ ల్యాబ్‌లో తామే చేయించి, మామూలు ట్రాఫిక్ ఏది, దాడి ఏది అని గుర్తులు పెట్టి రికార్డు చేసి, 2015లో పరిశోధకులకు ఇచ్చేశారు. 2021లో కొత్త వెర్షన్ కూడా వచ్చింది. ఇదంతా ఎక్కడ జరిగిందనుకుంటున్నారు? సామోస్ దీవిలో, కార్లోవాసి అనే చిన్న ఊళ్లో. ఒకప్పుడు తోలు శుద్ధి చేసే ఫ్యాక్టరీలకు పేరున్న ఊరు. సముద్రం ఒడ్డున ఆ పాత రాతి భవనాలు ఇప్పటికీ పాడుబడి నిలబడే ఉన్నాయి. లెక్కల డిపార్ట్‌మెంట్ కూడా అక్కడే పెట్టారు. పైథాగరస్ పుట్టిన దీవి కదా మరి!

ఏజియన్ యూనివర్సిటీ 1984లో పుట్టింది. లెస్బోస్, కియోస్, సామోస్, రోడ్స్, సిరోస్, లెమ్నోస్ అని ఆరు దీవుల్లో ఉంటుంది. ఆఫీసు లెస్బోస్‌లోని మిటిలిని పట్నంలో. ఓడల యజమానుల కుటుంబాలకు పేరుపడ్డ కియోస్‌లో షిప్పింగ్ చెబుతారు. లెమ్నోస్‌లో ఆహార శాస్త్రం. సిరోస్‌లో ప్రొడక్ట్ డిజైన్. 1970లలోనే ఆ దీవిలో ఒక బుల్లి ఎలక్ట్రిక్ కారు తయారైందని తెలిసి నోరెళ్లబెట్టాను. ఇక రోడ్స్‌లో ఒక ప్రొఫెసర్ రాళ్ల మీద చివరిసారి ఎండ పడింది ఎప్పుడో కొలిచి, కట్టడాల వయసు చెప్పే పద్ధతి తయారుచేశారు. దాన్ని గ్రీసులో ఉన్న 'పిరమిడ్ల' మీద ప్రయోగిస్తే, అంత పాతవి కావు పొమ్మని మిగతా పండితులు గొడవకు దిగారు. ఆ గొడవ చదువుతుంటే మన వాట్సాప్ గ్రూపులే నయమనిపించింది.

లెస్బోస్ దగ్గర మాత్రం నేను చాలాసేపు ఆగిపోయాను.

ఆ దీవికి పడమటి కొసలో రాయైపోయిన అడవి ఉంది. దాదాపు 2 కోట్ల ఏళ్ల కిందట అగ్నిపర్వతం బూడిద కింద కూరుకుపోయిన చెట్లవి. వేళ్లూ, బెరడూ, లోపలి వలయాలూ అన్నీ రాయే. 1985లో ప్రభుత్వం దాన్ని రక్షిత ప్రదేశంగా ప్రకటించింది. అదే దీవిలో ఉప్పునీటి కయ్య ఒడ్డున అరిస్టాటిల్ చేపల్నీ పీతల్నీ గమనిస్తూ రెండేళ్లు గడిపాడు. జీవశాస్త్రం అక్కడే మొదలైందనేవాళ్లూ ఉన్నారు. ఇప్పుడు యూనివర్సిటీ వాళ్లు దీవులన్నీ తిరిగి తేనెటీగల్ని సేకరిస్తున్నారు. తేనె కోసం కాదు, ఏ పువ్వు మీద ఏ ఈగ వాలుతుందో, ఏ రకం తగ్గిపోతోందో తెలుసుకోవడానికి. పుస్తకాలకు లైబ్రరీ ఉన్నట్టు తేనెటీగలకు ఒక భాండాగారమే పెట్టారు.

కార్చిచ్చు ఎటు పాకుతుందో లెక్కగట్టి మ్యాప్ మీద చూపించే సాఫ్ట్‌వేర్ కూడా అక్కడిదే. సముద్ర శాస్త్రం వాళ్లయితే ఉపగ్రహ చిత్రాలు ముందేసుకుని 58 దీవుల్లో 3 వేలకు పైగా బీచ్‌లను కొలిచారు. చాలావాటి వెడల్పు 20 మీటర్లలోపే! సముద్రం అర మీటరు పెరిగితే వీటిలో ఎన్ని మిగులుతాయి? ఇన్‌స్టాలో మనం లైకులు కొట్టే ఆ ఇసుక మీదే అక్కడివాళ్ల ఏడాది సంపాదన ఆధారపడి ఉంటుంది. అది తింటూనే, అది ఎప్పుడు పోతుందో లెక్క రాయడం అంత తేలిక కాదు.

2015 గుర్తుందా? టర్కీ తీరం నుంచి రబ్బరు పడవల్లో సిరియన్లు, ఆఫ్ఘన్లు వచ్చారు. ఆ ఒక్క ఏడాదిలో 5 లక్షల మంది దాకా లెస్బోస్‌లో దిగారు. దీవి జనాభా లక్ష కూడా ఉండదు. యూనివర్సిటీ కిటికీలోంచి చూస్తే కనబడే సముద్రమే అది. సామాజిక శాస్త్రం, భూగోళ శాస్త్రం వాళ్లు ఇక వేరే టాపిక్ ఎలా ఎంచుకుంటారు? ఎంతమంది వచ్చారు, దీవి మనుషులు మొదట ఎలా ఆదుకున్నారు, తర్వాత ఎందుకు విసిగిపోయారు అని రాస్తూనే ఉన్నారు. నాకు నచ్చిందేంటంటే, దీవివాళ్లను దేవుళ్లనీ అనలేదు, రాక్షసులనీ అనలేదు.

దీనికి ఒక వెనకటి కథ ఉంది. 1922లో ఇదే సముద్రం దాటి, అటు ఒడ్డు నుంచి గ్రీకులు కాందిశీకులుగా ఈ దీవులకు వచ్చారు. అప్పటికి స్మిర్నాలో, అంటే ఇప్పటి ఇజ్మీర్‌లో, గ్రీకు ప్రభుత్వం ఒక యూనివర్సిటీ సిద్ధం చేస్తోంది. ఆ బాధ్యత కారథియోడొరి అనే పెద్ద గణిత శాస్త్రవేత్తది. భవనం ఉంది, పుస్తకాలు వచ్చాయి, ఇంకొన్ని వారాల్లో క్లాసులు మొదలవ్వాలి. ఇంతలో సెప్టెంబర్‌లో నగరం చేతులు మారింది, తగలబడింది. ఆయన లైబ్రరీని ఎలాగో ఏథెన్స్‌కి చేర్చాడు. యూనివర్సిటీలో మాత్రం ఒక్క క్లాసూ జరగలేదు. ఏజియన్ యూనివర్సిటీ తనను తాను దానికి వారసురాలిగా చెప్పుకుంటుంది.

అంతా బాగుందని చెప్పను. 2010 తర్వాత ఆర్థిక సంక్షోభంలో గ్రీసు యూనివర్సిటీల నిధులకు గట్టిగా కోత పడింది. టూరిస్టులకు గది ఇస్తే వారానికే వచ్చే డబ్బు, స్టూడెంట్‌కి ఇస్తే నెలకి గానీ రాదు. ఇక ఆ ఇంటాయన ఎవరికిస్తాడు చెప్పండి? చలికాలం గాలులు లేస్తే ఓడలు ఆగిపోతాయి. పండక్కి ఇంటికెళ్లాలనుకున్నవాడు రేవులోనే బ్యాగు మీద తలపెట్టి పడుకోవాల్సిందే.

పొద్దున్నే ఇదంతా మావాడికి వాయిస్ మెసేజ్‌లుగా పెట్టాను. పదకొండు మెసేజ్‌లు. మధ్యాహ్నం దాకా వినలేదు వెధవ. తర్వాత ఒకే ఒక్క ప్రశ్న వచ్చింది.

"అక్కా, ఆ కార్లోవాసి స్పెల్లింగ్ చెప్పు. థ్యాంక్స్ పేజీలో పెడతా."