కాటా చీటీలో ఎత్తు ఏది?

రైల్వే అండర్ బ్రిడ్జి కింద లారీ ఇరుక్కున్న ప్రతిసారీ జరిగే తంతు ఒకటే. గంటల తరబడి ట్రాఫిక్ నిలిచిపోతుంది. టైర్లలో గాలి తీసి బండిని వెనక్కి లాగుతారు. డ్రైవరు మీద కేసు రాస్తారు. వంతెన ముందు ఎత్తు మీరిన బండిని ఆపడానికి పెట్టిన ఇనుప హైట్ గేజ్ ఒరిగిపోతే మళ్లీ నిలబెడతారు. మరునాడు పేపర్లో ‘డ్రైవర్ నిర్లక్ష్యం’ అన్న రెండు మాటలతో అందరి బాధ్యతా తీరిపోతుంది. అలా తీరిపోనివ్వకూడదు. లోడు కట్టాక తన బండి ఎత్తెంతో డ్రైవరుకు కొలిచి చెప్పేవారు లేరు. ముందున్న వంతెన ఎత్తెంతో వేళకు చెప్పే బోర్డు చాలాచోట్ల లేదు. ఆ రెండూ చేయవలసినవాళ్లు చేయకుండా బండి నడిపే మనిషిని ఒక్కడినే దోషిగా నిలబెట్టడం అన్యాయం.

బరువు విషయంలో మనం ఇలా లేము. వేబ్రిడ్జి ఎక్కి కాటా చీటీ చేతికొస్తే గానీ సరకు కదలదు. ఖాళీ బరువు, లోడు బరువు, నికర బరువు అన్నీ కిలోల లెక్కన అందులో ఉంటాయి. కిరాయి తేలేది, సరకు డబ్బులు తేలేది బరువు మీద కాబట్టి అంత జాగ్రత్త. ఎత్తు మీద ఎవరికీ రూపాయి తేలదు కనుక దాన్ని కొలిచే నాథుడు లేడు. ఈ-వే బిల్లులో బండి నంబరుకు, సరకు విలువకు చోటుంది, ఎత్తుకు లేదు. హమాలీలు చివరి వరస పేర్చి, పట్టా కప్పి, తాళ్లు బిగించి దిగిపోయాక డ్రైవరు కింద నిలబడి తలెత్తి చూసి ఒక అంచనాకొస్తాడు. అన్ని టన్నుల సరకు ఆ అంచనా మీదే బయల్దేరుతుంది.

ఆ అంచనా తప్పడానికి కారణాలు చాలానే ఉన్నాయి. పత్తి, వరిగడ్డి, ఊక వంటివి బరువు తక్కువ, పరిమాణం ఎక్కువ. కాటా దగ్గర ఏ ఇబ్బందీ రాదు, ఎత్తు మాత్రం క్యాబిన్‌ను దాటి పెరుగుతుంది. స్టీరింగ్ ముందు కూర్చున్నవాడికి తన నెత్తిన ఉన్న ఆ భాగం కనపడనే కనపడదు. విశాఖ పోర్టు నుంచి బయటికొచ్చే కంటెయినర్లలో మామూలు రకం ఎత్తు 2.59 మీటర్లు, ‘హై క్యూబ్’ రకం 2.9 మీటర్లు. దూరం నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. ఎక్కువ ఎత్తుదానికి అంచుల్లో పసుపు నలుపు చారలుంటాయి గానీ, వాటి అర్థం కొత్త డ్రైవరుకు ఎవరు చెప్పారు? అన్నిటికన్నా మోసం చేసేది ఖాళీ బండి. లోడుతో వెళ్లినప్పుడు కమాను కట్టలు అణిగి లారీ కిందికి కూర్చుంటుంది. సరకు దించాక అదే బాడీ పైకి లేస్తుంది. పొద్దున వంతెన కింద నుంచి తగలకుండా వెళ్లిన ట్యాంకరో, కంటెయినరో సాయంత్రం తిరుగు ప్రయాణంలో అక్కడే తగలడం వింతేమీ కాదు.

ఇక వంతెనల సంగతి. బ్రాడ్‌గేజ్ లైన్ల మీద కాపలా లేని లెవెల్ క్రాసింగులన్నిటినీ రైల్వే 2019 జనవరి నాటికి తొలగించింది. ఎన్నో ప్రాణాలను కాపాడిన ఆ పనిని ఎవరూ తప్పుపట్టరు. అయితే గేట్ల స్థానంలో చాలాచోట్ల వచ్చినవి ‘పరిమిత ఎత్తు సబ్‌వేలు’. విద్యుత్ లైన్లున్న గేటు దగ్గర హైట్ గేజ్ 4.67 మీటర్ల ఎత్తున ఉంటుంది, మామూలు లారీ దర్జాగా దాటేది. అక్కడే సబ్‌వే వచ్చాక నాలుగు మీటర్ల బండికి దారి లేకుండా పోయింది. మరోపక్క, సరకు లారీల ఎత్తు పరిమితిని కేంద్రం 2020లో 3.8 నుంచి 4 మీటర్లకు పెంచింది. ఒక శాఖ బండి ఎత్తు పెంచుతోంది, ఇంకో శాఖ దారి ఎత్తు తగ్గిస్తోంది. ఈ తేడాను మోయవలసింది రాత్రి రెండు గంటలకు తెలియని ఊరి రోడ్డులో మలుపు తిరిగే డ్రైవరా?

వంతెన రైల్వేది. కింది రోడ్డు ఆర్ అండ్ బీదో, మున్సిపాలిటీదో, పంచాయతీదో. రోడ్డు మీద కొత్త తారు పొర పడితే ఆ మేరకు ఎత్తు తగ్గుతుంది. బోర్డు మీది అంకె మాత్రం పాతదే. మార్చవలసిందెవరో తేలదు. పైగా ఆ ఎర్ర అంచు గుండ్రటి బోర్డు ఎక్కువగా వంతెన మొహం మీదే ఉంటుంది. అది కనపడేసరికి లారీ ఇరుకు సందులోకి వచ్చేసి ఉంటుంది, వెనకాల ఆటోలు, బస్సులు నిలబడి ఉంటాయి. తిప్పుకునే చోటు లేదు, రివర్సు పోయే వీలు లేదు. ‘పడుతుందిలే’ అని ముందుకు పోనిచ్చేది అప్పుడే. హైట్ గేజ్ ఉంది కదా అని రైల్వే అనవచ్చు. గేజ్ పెట్టింది వంతెన గర్డరును కాపాడడానికి. డ్రైవరుకు కావలసింది దారి మళ్లే చివరి కూడలిలోనే ఆ అంకె కనపడడం.

బ్రిటన్‌లో మూడు మీటర్లు దాటిన బండి ఎత్తును క్యాబిన్‌లో డ్రైవరుకు కనపడేలా రాసి ఉంచాలని చట్టం ఉంది. అయినా అక్కడ ఏటా 1,500కు పైగా సార్లు వాహనాలు రైలు వంతెనలను ఢీకొంటున్నాయి. తమ బండిని కొలవకుండానే బయల్దేరుతున్నామని 43 శాతం లారీ డ్రైవర్లు చెప్పినట్టు అక్కడి నెట్‌వర్క్ రైల్ సర్వేలో తేలింది. చట్టమున్నచోటే ఇలా ఉంటే, అలాంటి నియమమే లేని మనచోట పరిస్థితి అంతకన్నా మెరుగ్గా ఉంటుందనుకోలేం. కార్ల కోసం తయారైన ఫోన్ మ్యాపులు ఇంకో ప్రమాదం. 2010లో అమెరికాలోని సిరక్యూస్ దగ్గర జీపీఎస్ చూసుకుంటూ వచ్చిన డబుల్ డెక్కర్ బస్సు 10 అడుగుల 9 అంగుళాల రైలు వంతెనను ఢీకొట్టి నలుగురు ప్రయాణికులు మరణించారు. దారి పొడవునా హెచ్చరిక బోర్డులున్నా ఆ ఘోరం ఆగలేదు. బోర్డు ఒక్కటే చాలదు, తన బండి అంకె కూడా డ్రైవరు కళ్ల ముందుండాలి.

డ్రైవర్లది ఏ తప్పూ లేదని మేము అనడం లేదు. బోర్డు చదివి కూడా దూసుకెళ్లినవాడు శిక్షార్హుడే. కానీ 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ఎత్తు మీరిన లోడుకు 20 వేల రూపాయల జరిమానాను నడిపినవాడికే పరిమితం చేయలేదు, నడిపించినవాడికీ వర్తింపజేసింది. లోడు ఎత్తించిన సరకు యజమాని, కిరాయి కుదిర్చిన ట్రాన్స్‌పోర్టు ఆఫీసు ఆ కేసుల్లో ఎందుకు కనపడరు? వాళ్ల పేర్లూ ఎఫ్ఐఆర్‌లో చేరాలి.

రెండు తెలుగు రాష్ట్రాల రవాణా శాఖలు ఇప్పుడే చేయదగిన పని ఉంది. ప్రతి వేబ్రిడ్జి దగ్గర ఒక కొలత స్తంభం, దాని మీద అడ్డంగా జరిగే కడ్డీ పెట్టించాలి. కాటా చీటీలో బరువు కింద ఎత్తు కూడా అచ్చు కావాలి. అది లేని చీటీ చెల్లదని ఉత్తర్వు ఇవ్వాలి. సరకు దిగాక ఖాళీ బండికీ అదే కొలత తీయాలి. ఆ అంకెను క్యాబిన్ అద్దం దగ్గర పెద్ద అక్షరాల్లో రాయించాలి. రైల్వే, ఆర్ అండ్ బీ ఇంజినీర్లు కలిసి ప్రతి అండర్ బ్రిడ్జినీ టేపు పెట్టి కొలవాలి. తారు వేసిన ప్రతిసారీ మళ్లీ కొలిచి, సంతకం చేసిన అధికారి పేరు, తేదీ బోర్డు మీదే ఉంచాలి. బోర్డు మొదట పడవలసింది దారి మళ్లే కూడలిలో, తెలుగులోనూ హిందీలోనూ, రాత్రి హెడ్‌లైట్ వెలుగుకు మెరిసేలా. వరికోతలు మొదలై గడ్డి లారీలు రోడ్డెక్కక ముందే ఈ ఉత్తర్వులు రావాలి.