నేతగాండ్రు పెట్టిన అంగడి – పెరుగుట, తరుగుట

సహకార శిక్షణ తరగతులకు పోయివచ్చిన ప్రతి కార్యదర్శికిని రాచ్‌డేల్ అను పేరు తెలిసియే యుండును. 1844వ సంవత్సరమున ఇంగ్లండులో 28 మంది పేదలు తలకొక పౌను చొప్పున కూడబెట్టి అంగడి పెట్టిరనియు, అదియే ప్రపంచ సహకారోద్యమమునకు మూలమనియు అక్కడ మొదటి దినముననే చెప్పుదురు. పరీక్షలో దానిపై ఒక ప్రశ్న కూడ వచ్చును. ఆ అంగడి తరువాత ఏమైనదో మాత్రము ఎవరును చెప్పరు. పుట్టుక చెప్పి, పెరుగుదల చెప్పి, అంతటితో పుస్తకము మూసివేయుదురు. మన సంఘములకు అక్కరకు వచ్చునది ఆ మూసిన తరువాతి భాగమే యని మా అభిప్రాయము. వచ్చిన లాభమంతయు బోనసుగా పంచివేయవలెనను మాట మహాజన సభలలో బలముగా వినబడుచున్న ఈ రోజులలో ఆ కథను కడదాక చెప్పుకొనుట అవసరమని తోచినది.

రాచ్‌డేల్ మాంచెస్టరు నగరమునకు దాపున నున్న నేత ఊరు. అచ్చట ఫ్లానెల్ అను ఉన్నిగుడ్డ నేయుచుండిరి. ఆవిరి మగ్గములు వచ్చినకొలది చేతిమగ్గపు కూలి పడిపోయినది. కూలి పెంచుమని పనివారు సమ్మె కట్టి ఓడిపోయిరి. ఆ ఓడినవారిలో కొందరే అంగడి ఆలోచన చేసిరి. ఆ జిల్లాల యంత్రపు గుడ్డయే ఓడలెక్కి వచ్చి మన ముత్తాతల గుంటమగ్గములను మూగబుచ్చినది. ఒకే యంత్రము ఇరు దేశముల నేతగానిని కొట్టినదని తలచుకొన్నప్పుడు వారు మనకు పరాయివారుగా తోచరు. 28 మందిలో అందరును నేతవారు కారు; చెప్పులు కుట్టువారు, కొయ్యచెప్పులు చేయువారు, వడ్రంగులు కూడ ఉండిరి. అయినను ఊరివారికి అది నేతగాండ్ర అంగడియే.

అప్పుడు పనివాడు సరకులు అరువుకు తెచ్చుకొనెడివాడు. అరువిచ్చిన అంగడివాడు పిండిలో సుద్ద కలిపినను, టీ ఆకులో ఎండుటాకు కలిపినను అడుగుటకు నోరుండదు. ఇది మనకు ఎవరును విడమరచి చెప్పనక్కరలేదు. సావుకారు వద్ద నూలు బాకీకి తెచ్చుకొన్నవాడు చిలపల లెక్క గట్టిగా అడుగగలడా? బాకీ యున్నవాని త్రాసు ఎప్పుడును తేలికయే.

1844 డిసెంబరు 21వ తేది సాయంకాలము టోడ్ లేన్ అను వీధిలో ఆ అంగడి తలుపు తెరిచిరి. పిండి, వెన్న, చక్కెర, ఓటుపిండి, కొన్ని కొవ్వువత్తులు – ఇంతే సరకు. మిల్లులలో పనిచేయు పిల్లలు వీధిలో చేరి ఎగతాళి చేసిరట. కాని అంగడిలోని సరకు కన్న లోపలి నియమములు గొప్పవి. వాటాలెన్ని యున్నను మనిషికి ఒకటే ఓటు. ఆడవారికిని సభ్యత్వము. రొక్కమునకే అమ్మకము, అరువు లేదు. తూకము సరిగా, సరకు కల్తీ లేక. వాటాధనమునకు మితమైన వడ్డీ. ఇక మిగిలిన లాభమును వాటా మేరకు గాక, ఎవరెంత కొనిరో ఆ మేరకు పంచుట. కొంతకాలమునకు లాభములో నూటికి రెండున్నర చొప్పున చదువునకు కూడ కేటాయించిరి. పుస్తకశాల పెట్టిరి.

ఇందులో ఒక సంగతి చాలమంది గమనించరు. వారు బజారు కన్న తక్కువకు అమ్మలేదు. బజారు ధరకే అమ్మి, మిగిలినది కొంతకాలమునకొకసారి సభ్యునికి డివిడెండుగా ఇచ్చిరి. రోజూ అరపెన్నీ తగ్గించిన అది ఎటు పోవునో తెలియదు. ఒక్కసారిగా చేతికి వచ్చిన పిల్లలకు జోళ్లు కొనవచ్చును. ఆ దేశపు పేద ఇల్లాండ్రకు డివిడెండు దినము మనకు దీపావళి బోనసు దినము వంటిది. ప్రతి ఇంటికిని ఒక సభ్యత్వపు అంకె యుండెడిది. అంగడికి పంపబడిన పిల్లలు ఆ అంకెను కంఠస్థము చేసికొని, ముసలితనములో సైతము తడుముకొనక చెప్పెడివారు.

చెట్టు పెరిగిన తీరు చెప్పవలెనన్న ఈ సంచిక చాలదు. ఊరూర సంఘములు లేచినవి. 1863లో అవన్నియు కలిసి మాంచెస్టరులో టోకు సంఘము పెట్టుకొన్నవి. సబ్బు, బిస్కత్తు, జోడు, గుడ్డ – అన్నిటికిని సొంత కర్మాగారములు వచ్చినవి. సొంత ఓడలు నడిచినవి. సింహళములోను, మన దక్షిణాదిని వయనాడు కొండలలోను టీ తోటలు సైతము కొనిరి. మదరాసు తిరువల్లిక్కేణిలో 1904లో పుట్టిన పట్టణ సహకార భండారము రాచ్‌డేల్ పద్ధతిని చూచి పెట్టినదే. 1950 ప్రాంతములకు బ్రిటనులో సభ్యుల సంఖ్య కోటి దాటినది. ఆ దేశపు కిరాణా వ్యాపారములో ఇంచుమించు నాలుగవ వంతు సహకార అంగళ్లదే. కొనువారే అరలలోనుండి సరకు తీసికొని ద్వారమువద్ద డబ్బు చెల్లించు సెల్ఫ్ సర్వీసు పద్ధతిని ఆ దేశములో 1942లోనే లండను సహకార సంఘము ప్రారంభించినది. 1950 నాటికి అట్టి దుకాణములలో అత్యధికము సహకారమువారివే. సూపర్ మార్కెట్టువారు వచ్చి పాతకాలపు సహకార అంగడిని మింగిరని చెప్పుదురే, అది సరి కాదు. ఆ త్రోవ మొదట త్రొక్కినది సహకారమే.

మరి ఎక్కడ చెడినది?

మొదటి బీట చాల ముందే పడినది. 1854లో రాచ్‌డేల్ సభ్యులు కొందరు కలిసి నూలు వడకి గుడ్డ నేయు సహకార మిల్లు పెట్టిరి. లాభములో వాటాధనమునకు కొంత, పనిచేసిన చేతులకు కొంత అని నియమము. మిల్లు బాగుగా నడిచినది. బాగుగా నడుచుచున్నదని తెలిసి వాటాలు కొనుటకు జనము వచ్చిరి. వారిలో ఎక్కువమందికి మిల్లులో పని లేదు, వారికి కావలసినది వాటాపై రాబడియే. 1862లో ఓట్లు వేసి పనివాని లాభపు వాటాను తీసివేసిరి. నియమము ప్రకారమే, సభలోనే, చేతులెత్తియే తీసివేసిరి. సహకారమునకు శత్రువు బయటనే యుండునని అనుకొనువారు ఈ సంగతి చదువవలెను. మన సంఘముల సభ్యుల పట్టీలలో మగ్గము లేనివారెందరు, మగ్గము నడుపుట మానివేసి ఇరువది యేండ్లయినవారెందరు, చనిపోయినవారెందరు అని ఎవరైన లెక్క తీసినచో ఆ 1862వ సంవత్సరము మనకెంత దూరములో నున్నదో తెలియగలదు.

రెండవది డివిడెండు మోజు. ఏ సంఘము పౌనుకు ఎక్కువ డివిడెండు ఇచ్చునో ఆ సంఘము గొప్పది. ఆ డైరెక్టర్లే మరల గెలిచెదరు. కనుక అంగడి గోడలకు రంగు వేయవలసిన డబ్బు, పాత బల్లలు మార్చవలసిన డబ్బు, మంచి మేనేజరుకు జీతమియ్యవలసిన డబ్బు పంపకమునకు పోయినది. 1955లో సహకారులే ఒక విచారణ సంఘమును వేసికొనిరి. లేబరు పార్టీ నాయకుడు గెయిట్‌స్కెల్ దానికి అధ్యక్షుడు, క్రాస్‌లాండ్ కార్యదర్శి. 1958లో వారు నివేదిక నిచ్చిరి: అంగళ్లు పాతబడినవి, మేనేజర్లకు జీతములు చాలవు, దాచుకొను నిధి పెరుగవలెను, ఇంచుమించు వెయ్యిగా నున్న సంఘములు రెండు మూడు వందలుగా కలియవలెను. నివేదికను అందరును మెచ్చుకొనిరి. ఆచరించినవారు కొద్దిమంది. సంఘములు కలిసిన ఒక అధ్యక్షుడు చాలును. తక్కినవారు కుర్చీ దిగవలెను. ఏ అధ్యక్షుడు తనంత తాను దిగును? ఒకే వీధిలో రెండు నేత సంఘములుండి, ఒకే రకము చీర నేసి, ఒకే వ్యాపారి వద్దకు పోయి ఒకరికన్న ఒకరు తగ్గించి ఇచ్చివచ్చుట మనకు తెలియని సంగతి కాదు.

ఇంతలో 1964లో ఒక చట్టము వచ్చినది. అంతకుముందు అనేక సరకులకు చిల్లర ధరను తయారుచేయువారే కట్టడి చేసెడివారు. ఏ అంగడికి పోయినను ధర ఒకటే గనుక, డివిడెండు ఇచ్చు సహకార అంగడియే లాభము. చట్టము ఆ కట్టడిని తీసివేసినది. 1919లో బజారులో తోపుడు బల్లపై సైన్యపు మిగులు సరకు అమ్మి మొదలుపెట్టిన జాక్ కోహెన్ అనునాతని టెస్కో కంపెనీ వంటివారు ధరలను తెగకోసిరి. ఎప్పుడో వచ్చు డివిడెండు కన్న ఈ పూట మిగులు రెండు పెన్నీలు ఇల్లాలికి కనబడినవి. సహకార సంఘముల వద్ద ధర తగ్గించుటకు దాచిన సొమ్ము లేదు, అదంతయు పంచియుండిరి. తుదకు ఏ డివిడెండు కొరకు అంగడిని పాడుపెట్టిరో ఆ డివిడెండే పెన్నీలకు దిగినది. అనేక సంఘములు దానిని తీసివేసి, అతుకుకొను బిళ్లలు ఇచ్చినవి. అరిగిన అచ్చు మార్చక ఆ డబ్బుతో పండుగ చేసికొన్నవాని గుడ్డ ఎట్లుండునో వారి వ్యాపారము అట్లయినది.

అయితే కలియుటయే మందు అనుకొనరాదు. ఆస్ట్రియా దేశములో సహకార అంగళ్లు 1978లో దాదాపు అన్నియు ఒకటిగా కలిసి కొన్సుమ్ అను మహాసంఘమైనవి. అది 1995లో దివాలా తీసినది. జర్మనీలోని కో ఆప్ సంస్థ సహకార రూపమునే వదలి కంపెనీగా మారినది. 1988లో దాని లెక్కల కపటము బయటపడినది. చిన్నది చిన్నతనముచేత చెడును, పెద్దది తన లెక్క తనకే అందక చెడును.

బ్రిటనులోను అదియే జరిగినది. 2000లో రెండు పెద్ద సంఘములు కలిసి కో-ఆపరేటివ్ గ్రూపు అయినవి. కొంత కోలుకొన్నది. కోలుకొనగానే పెద్ద కోరికలు వచ్చినవి. 2009లో సోమర్‌ఫీల్డ్ అను సూపర్ మార్కెట్టు వరుసను 157 కోట్ల పౌన్లకు కొనిరి. అదే యేడు వారి బ్యాంకు బ్రిటానియా అను గృహఋణ సంఘమును కలుపుకొన్నది. ఆ ఋణములలో చెడ్డవి చాల. అది చాలక లాయిడ్స్ బ్యాంకు శాఖలను 600లకు పైగా కొనబోయి 2013లో వెనుకకు తగ్గిరి. అదే యేడు బ్యాంకులో 150 కోట్ల పౌన్ల మూలధనపు లోటు బయటపడినది. ఆ యేటి గ్రూపు నష్టము 250 కోట్ల పౌన్లు. బ్యాంకు పెట్టుబడి నిధులవారి చేతికి పోయినది. పొలములు అమ్మిరి, మందుల అంగళ్లు అమ్మిరి. 2014లో లార్డ్ మైనర్స్ విచారించి, ఎన్నికై వచ్చిన డైరెక్టర్లకు అంత పెద్ద వ్యాపారమును ప్రశ్నించు శక్తి లేదని తేల్చెను.

ఈ మాటను పట్టుకొని, సామాన్యులకు పాలన ఎందుకు, అధికారులకు అప్పగించిన చాలును అనువారున్నారు. మేము ఒప్పుకొనము. సోమర్‌ఫీల్డును, బ్రిటానియాను కొనుటకు లెక్కలు వేసినవారు సామాన్యులు కారు. పెద్ద జీతముల నిపుణులే. సామాన్యుని తప్పేమన, అర్థము కాని కాగితముపై అర్థము కాలేదని చెప్పక వ్రేలు పెట్టుట. 1844లో కొయ్యచెప్పులవాడు పిండి బస్తా లెక్క అడుగగలిగెను. కోట్ల లెక్క వచ్చుసరికి అడుగుట నేర్పు బడి లేకపోయినది. లాభములో నూటికి రెండున్నర చదువునకు తీసిన పెద్దల దూరదృష్టి మాకు ఇక్కడనే కనబడుచున్నది. మన సంఘములలో ఆడిటు నివేదిక చదివి అర్థము చేసికొను డైరెక్టర్లు ఎందరు? "మీరు చూచితిరి గదా, చాలును లెండి" అని కార్యదర్శి ముందు సంతకము చేయు పెద్దలను మేమెరుగుదుము. అది మా మీది గౌరవమే, కాని అట్టి గౌరవము మాకు వద్దు.

నేడు ఆ గ్రూపు చావలేదు. దాని అంగళ్లు రెండువేలకు పైగా నడుచుచున్నవి. కాని కిరాణాలో దాని పాలు నూటికి అయిదారు మాత్రమే. ఒకనాటి నాలుగవ వంతు ఇప్పుడు ఆ తోపుడుబల్ల కోహెన్ పెట్టిన టెస్కోది. జర్మనీ నుండి వచ్చిన ఆల్డీ 2017లో సహకారమును దాటిపోయినది. బ్యాంకును మాత్రము 2025 జనవరిలో కోవెంట్రీ గృహఋణ సంఘము కొన్నది. అది సభ్యులదే యైన సంఘము గనుక, తిరిగి తిరిగి సహకారపు నీడకే చేరినదనవచ్చును. టోడ్ లేన్ అంగడి 1931 నుండి మ్యూజియము.

ఇక మన సంగతి. చట్టము ప్రకారము రిజర్వు నిధికి తీయవలసినది తీసిన పిమ్మట, మిగిలిన లాభములో సగము నేసిన గుడ్డ మేరకు బోనసుగా ఇచ్చి, తక్కిన సగముతో పాత జకార్డు పెట్టెలు, అచ్చులు మార్చుటకును, అమ్మకపు అంగడి కప్పు వేయించుటకును మా సంఘ పాలకవర్గము తీర్మానము పెట్టనున్నది. మగ్గము లేని సభ్యుల పట్టీని కూడ అదే సభలో చదువుదుము. దీనిపై మాకు వ్యతిరేకత బలముగానే యున్నది. దీపావళి ముందున్నది, బోనసు తగ్గినదన్న ఎవరికి మాత్రము రుచించును? ఇతర సంఘములవారు ఈ యేడు లాభమును ఎట్లు పంచిరో, ఎంత దాచిరో, ప్రక్క సంఘముతో కలియు ప్రయత్నము ఎవరైన చేసిరో, చేసిన ఎక్కడ ఆగినదో, అంకెలతో సహా ఈ పత్రికకు వ్రాసి పంపిన మా సభకు ముందే సభ్యులకు చదివి వినిపింతుము.