తెర వెనుక చేతులకూ లెక్క ఉంది

ఫిలిప్పీ పట్టణం అనగానే చెరసాలలో పౌలు, సీల పాడిన పాటలు, అర్ధరాత్రి భూకంపం మనకు గుర్తుకొస్తాయి. వాళ్లు చెరసాలకు ఎందుకు వెళ్లవలసి వచ్చిందో మాత్రం చాలామందిమి మరచిపోతాం. అపొస్తలుల కార్యముల గ్రంథం 16వ అధ్యాయంలో సోదె చెప్పే ఒక దాసి కనిపిస్తుంది. ఆమెకు ఉన్నది ఒక యజమాని కాదు, యజమానులు. నోరు ఆమెది, సంచి వాళ్లది. పౌలు ఆమెను దయ్యం నుంచి విడిపించినప్పుడు వాళ్లకు కనిపించింది ఆమె స్వస్థత కాదు, తమ రాబడి పోవడం. న్యాయాధిపతుల ముందు మాత్రం రాబడి మాటే ఎత్తలేదు. ఈ యూదులు మన ఊరిని, మన ఆచారాలను పాడుచేస్తున్నారని ఫిర్యాదు చేశారు! లాభం కోసం ఏడ్చేవారు నీతి గురించి మాట్లాడటం ఈనాటిది కాదు.

ఈ కాలపు యజమానులకు ఆఫీసు ఉంటుంది, టెలిఫోను ఉంటుంది, జమాఖర్చుల పుస్తకం ఉంటుంది. ఎస్కార్ట్ ఏజెన్సీ అనే మర్యాదైన పేరు కూడా ఉంటుంది. విందులకు, ప్రయాణాలకు తోడుగా మనిషిని పంపుతామన్నది పైమాట. లోపల జరిగే బేరం శరీరానిది. 2008 మార్చిలో న్యూయార్క్‌లో ‘ఎంపరర్స్ క్లబ్ వీఐపీ’ అనే ఏజెన్సీ గుట్టు రట్టయింది. స్త్రీల ఫొటోలు ఇంటర్నెట్‌లో పెట్టి, వజ్రాల గుర్తులతో వాళ్లకు తరగతులు కట్టి, గంటకు 1,000 డాలర్ల నుంచి 5,500 డాలర్ల దాకా వసూలు చేసిన సంస్థ అది. దాని ఖాతాదారుల్లో న్యూయార్క్ రాష్ట్ర గవర్నర్ ఎలియట్ స్పిట్జర్ కూడా ఉన్నాడని తేలడంతో ఆయన అదే నెలలో రాజీనామా చేశాడు. ప్రపంచమంతా ఆయన గురించే మాట్లాడుకుంది.

కానీ మనం కాసేపు ఆ ఆఫీసు వైపు చూద్దాం. ఆ కేసులో అరెస్టయినవారు నలుగురు. శరీరం అమ్ముకున్నారన్నది వాళ్లపై నేరం కాదు, ఆ వ్యాపారం నడిపించారన్నది నేరం. వాళ్లలో ఇద్దరి పని ఫోనులో బేరాలు కుదర్చడం. ఎవరు ఏ ఊరికి వెళ్లాలి, ఏ రైలెక్కాలి, ఏ హోటల్లో దిగాలి, డబ్బు చేతికొచ్చిందా లేదా అన్నవి వాళ్లు చూసే సంగతులు. వచ్చిన సొమ్ము వేరే పేర్లున్న కంపెనీల ఖాతాల్లోకి వెళ్లేది. ఆ నలుగురూ కోర్టులో నేరం ఒప్పుకున్నారు. గవర్నర్‌పై మాత్రం కేసు పెట్టబోమని ఆ ఏడాది నవంబరులో ప్రభుత్వ న్యాయవాదులు ప్రకటించారు. కొన్నవాడు ఇంటికి వెళ్లాడు, ఫోనెత్తినవారు బోనెక్కారు. లోకపు న్యాయం ఇంతవరకే రాగలదు.

అది అమెరికా సంగతి, మనకెందుకు అనుకోవడానికి వీల్లేదు. 2018లో షికాగోలో బయటపడిన కేసు తెలుగువాళ్లందరినీ కలవరపెట్టింది. సాంస్కృతిక సభల పేరు చెప్పి సినిమా నటీమణులను వీసాలపై రప్పించి, పలు ఊళ్లలో వ్యభిచారం చేయించారని ఒక తెలుగు దంపతుల మీద అమెరికా అధికారులు అభియోగం మోపారు. ఎవరి దగ్గరకు ఎవరిని పంపిందీ, ఎంత రావలసిందీ రాసిపెట్టుకున్న లెక్కల పుస్తకాలు ఇంట్లో దొరికాయని కోర్టుకు తెలియజేశారు. మనల్ని ఆలోచింపజేయవలసింది ఆ లెక్కల పుస్తకమే. ఒక స్త్రీ కన్నీటిని వరుసలు గీసి, అంకెలు వేసి, మొత్తం కట్టగలిగిన చెయ్యి కూడా ఉదయాన్నే ప్రార్థనకు జోడించగలిగిన చెయ్యే కదా!

మన దేశంలో 1956 నాటి వ్యభిచార నిరోధక చట్టం 4వ సెక్షను ఈ చేతుల గురించే చెబుతుంది. ఒకరి వ్యభిచారపు సంపాదన మీద, తెలిసి, పూర్తిగా గానీ కొంత గానీ బతికే పెద్దవాళ్లెవరికైనా రెండేళ్ల దాకా జైలుశిక్ష పడవచ్చు. అటువంటి పనికని తెలిసి ఇల్లు అద్దెకిచ్చినవాడికీ అదే చట్టంలో శిక్ష ఉంది. మరోవైపు, ఈ వృత్తిలో ఉన్న స్త్రీలకు కూడా అందరితోపాటు గౌరవంగా బతికే హక్కు ఉందని 2022 మేలో మన సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. న్యాయస్థానం ఆమెను మనిషిగా చూడమంటోంది, చట్టం ఆమె మీద బతికేవాణ్ని నిలదీస్తోంది. మన సంఘాల్లో జరుగుతున్నది దీనికి తలకిందులు. ఆమె గడప తొక్కితే గుసగుసలు, ఆమె సొమ్ముతో బతికేవాడు కానుక పళ్లెంలో పెద్ద నోటు వేస్తే ముందు వరుసలో కుర్చీ!

ఫోనెత్తేవాడు ‘నేను ఎవరినీ ముట్టుకోలేదు’ అంటాడు. డ్రైవరు ‘నేను బండి నడిపానంతే’ అంటాడు. గుమాస్తా ‘నేను అంకెలు రాశానంతే’ అంటాడు. ఇంటి ఓనరు ‘నాకు అద్దె వస్తే చాలు’ అంటాడు. ముప్పై వెండి నాణేల కథలో ప్రధాన యాజకులదీ ఇదే ధోరణి. యూదాకు ఆ సొమ్ము ఇచ్చింది వాళ్లే. అతడు తిరిగి తెచ్చి పారేస్తే, అది రక్తపు సొమ్ము కనుక ఆలయ ఖజానాలో వేయకూడదని ధర్మం మాట్లాడిందీ వాళ్లే. నాణెం మీద మరక వాళ్లకు కనిపించింది, తమ చేతుల మీద కనిపించలేదు.

అయితే ఏ ఉద్యోగాన్ని వదలాలి, ఏ ఉద్యోగంలో ఉంటూ నమ్మకంగా బతకాలి? బాప్తిస్మమిచ్చు యోహాను దగ్గరకు సుంకరులు, సైనికులు వచ్చినప్పుడు ఆయన వాళ్లను ఉద్యోగం మానేయమనలేదు. ఎక్కువ వసూలు చేయవద్దని సుంకరులకు, ఎవరినీ బెదిరించి దండుకోవద్దని సైనికులకు చెప్పాడు. పన్ను నిజాయితీగా వసూలు చేయవచ్చు, కాపలా నిజాయితీగా కాయవచ్చు. కానీ మనిషిని నిజాయితీగా అమ్మడం ఎలా? పని చేసే తీరులో తప్పుంటే తీరు మార్చుకోవాలి. పనిలోనే తప్పుంటే బయటికి రావాలి. మేము చెప్పదలచినది ఈ ఒక్క మాటే.

చెప్పడం తేలికే. ఆ ఏజెన్సీలో నెలజీతానికి ఫోనెత్తే అమ్మాయికి ఇంటి అద్దె ఉంటుంది, తమ్ముడి కాలేజీ ఫీజు ఉంటుంది, తల్లి మందుల ఖర్చు ఉంటుంది. మరో పని దొరకకే అక్కడ చేరి ఉండవచ్చు. ‘ఆ ఉద్యోగం పాపం, మానేయమ్మా’ అని ఆదివారం ప్రసంగించి, సోమవారం ఆమె ఫోను చేస్తే ఎత్తని సంఘం ఆమెకు చేసిన మేలేమిటి? మన సంఘాల్లో దుకాణాలున్నవారున్నారు, స్కూళ్లు, ఆసుపత్రులు నడిపేవారున్నారు. ఫోనులో మర్యాదగా మాట్లాడటం, లెక్కలు తప్పుల్లేకుండా రాయడం తెలిసిన మనిషి వాళ్లకు అక్కరలేదా? ఒక్క కుర్చీ చూపిస్తే చాలు, అది పది ప్రసంగాల పెట్టు. ఆ గదుల్లోకి పంపబడిన స్త్రీకి ఇంకా ఎక్కువ కావాలి. తలదాచుకునే చోటు, వైద్యం, చేతిపని, అన్నిటికంటే ముందు ఆమె గతాన్ని నలుగురిలో విప్పమని అడగని పెద్దరికం కావాలి.

ఫిలిప్పీలో ఆ దాసికి తర్వాత ఏమైందో గ్రంథంలో లేదు. ఆదాయం తేని దాసిని ఆ యజమానులు ఆదరించి ఉంటారని అనుకోలేం. కానీ అదే ఊళ్లో ఊదారంగు పొడి అమ్ముకునే లూదియ ఉంది. ఆమె ఇల్లే విశ్వాసులకు కూడుకునే చోటైంది. పై అధికారుల ఆజ్ఞ ప్రకారం పౌలు, సీల కాళ్లకు బొండ వేసి బిగించిన చెరసాల నాయకుడూ ఉన్నాడు. ఆ రాత్రే అతడు తన చేతులతో వాళ్ల గాయాలు కడిగి, ఇంటికి తీసుకువెళ్లి భోజనం పెట్టాడు. బిగించిన చేతులే కడిగాయి. తెర వెనుక చేతులకు ఇంతకంటే గొప్ప నిరీక్షణ ఏముంది?

ఆ దాసి ఒకవేళ లూదియ ఇంటి తలుపు తట్టి ఉంటే ఆ తలుపు తెరుచుకునే ఉంటుందని మేము నమ్ముతున్నాం. మన తలుపు సంగతేమిటి? మన అద్దెల్లో, మన వాటాల్లో, మన కానుకల్లో ఎవరి కన్నీరూ కలవలేదని దేవుని ఎదుట చెప్పగలమా? ఈ వారం మన లెక్కల పుస్తకాన్ని ఒకసారి తెరిచి చూసుకుందాం. దేవుడు తెరవకముందే మనం తెరవడం మంచిది.