రోడ్డు మనది, లెక్క ఎవరిది?

మౌలాలి కమాన్ దారిల రోజూ పోయే ఉద్యోగి, విద్యార్థి గుంత కనబడితే తిట్టేది బల్దియాను. కానీ ఆ గుంత పూడ్చాల్సింది ఎవరు? ఎన్ని రోజుల్లో పూడ్చాలె? పూడ్చకపోతే ఎంత కోత? ఈ మూడింటికీ జవాబు ఫైళ్లల్ల ఉంటది, జనం చేతిలో ఉండదు.

2019 చివర్ల జీహెచ్‌ఎంసీ నగరంలోని 709 కిలోమీటర్ల ప్రధాన రోడ్ల నిర్వహణను ఐదేండ్ల కోసం ప్రైవేటు ఏజెన్సీలకు అప్పజెప్పింది. విలువ దాదాపు 1,800 కోట్లు. పాత పద్ధతిలో ఇంజినీరు కంకర, తారు కొలిచి ఎం.బి.లో రాస్తే, ఆ రాతను బట్టి బిల్లు. ఈ కొత్త తీరు ఒప్పందాల్లో పోసిన తారు కన్నా రోడ్డు ఎట్ల ఉన్నదన్నదే ముఖ్యం. మంచిగ ఉంచితే పైసలు, ఉంచకపోతే జరిమానా. ఈ పద్ధతికి మనం వ్యతిరేకం కాదు.

కానీ మెలిక ఒకటుంది. ఫలితానికి పైసలిచ్చేటప్పుడు ఆ ఫలితాన్ని రాసే పుస్తకమే అసలు ఒప్పందం. ఫిర్యాదు ఎన్నడొచ్చింది, మరమ్మతు ఎన్నడైంది, తనిఖీ ఎవరు చేసిండ్రు, కోత ఎంత పెట్టిండ్రు? ఇవి చీకట్ల ఉంటే పరీక్ష రాసినోడే పేపరు దిద్దుకున్నా అడిగేటోడుండడు.

ఈ చేదు మనకు కొత్త కాదు. 2004 తర్వాత జలయజ్ఞంలో సర్వే, డిజైన్, నిర్మాణం మూడూ ఇ.పి.సి. పేరుతో కాంట్రాక్టర్ చేతిలోనే పెట్టిండ్రు. ఆ అమలును కాగ్ 2012లో తప్పుబట్టింది. సరే, అది ఉమ్మడి పాలన అనుకుందాం. మరి సొంత రాష్ట్రంలో? 2023 అక్టోబర్‌లో మేడిగడ్డ పిల్లర్లు కుంగినయి. చూడవచ్చిన జాతీయ ఆనకట్టల భద్రతా సంస్థ తానడిగిన సమాచారంలో కొంత అందనే లేదని రాసింది. పాలకులు మారినా ఫైళ్ల బీగాలు మారలేదు!

యాది చేసుకుందాం. 1985లో వచ్చిన 610 జీవో ఏమైందని అడిగి అడిగి, 2001లో గిర్‌గ్లానీ కమిషన్ దాకా తెచ్చింది ఉద్యోగుల పట్టుదలే. నీళ్లకు లెక్క, నిధులకు లెక్క, నియామకాలకు లెక్క అడిగినం. లెక్క అడగడమే మన ఉద్యమానికి ఊపిరి.

ఆ ఐదేండ్ల గడువు తీరింది. ఇసొంటి ఒప్పందం మళ్లీ రాసుకునే ముందు మూడు షరతులు పెట్టాలె. రోడ్డు మొదట్లో తెలుగు, ఉర్దూలలో బోర్డు ఉండాలె: ఏజెన్సీ పేరు, గడువు, ఫిర్యాదు నంబరు. బిల్లు చెల్లించకముందే తనిఖీ రికార్డు, జరిమానా వివరాలు బయట పెట్టాలె. కాలనీ సంఘాలు ఆ రికార్డు మీద అభ్యంతరం చెప్పే వీలుండాలె. ఇది దయ కాదు. అడగకముందే సమాచారం వెల్లడించాలని 2005 సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షనే చెప్తున్నది.

కొట్లాడి తెచ్చుకున్న రాష్ట్రం ఇది. రోడ్డు మీద నడిచేటోనికి ఆ రోడ్డు లెక్క తెలియాలె. చెప్పకుంటే అడుగుదాం, అడగడం మనకు అలవాటే!