తెలుగు పలకని కిటికీలు

సరిహద్దు జిల్లాలలో తెలుగువాడి హక్కు ఒకప్పుడు తహసీలు కార్యాలయంలో గుమాస్తా బల్ల దగ్గర ఆగిపోయేది. ఇప్పుడది కంప్యూటరు తెర మీద ఆగిపోతున్నది. ఆదాయ ధ్రువపత్రం, కుల ధ్రువపత్రం, విద్యార్థి వేతనం, పింఛను, బ్యాంకు ఖాతా – అన్నిటికీ అంతర్జాలమే రాచబాట అయినది. ఆ బాటలో మనవారిని నిలువునా ఆపుతున్న అడ్డుగోడ ఒకటున్నది. దానిని గోడ అని ఎవరూ అనరు, కిటికీ అంటారు. దరఖాస్తు నింపుతుండగా ఉన్నట్టుండి తెర మధ్యలో లేచి, వెనుకనున్న పుటనంతా మసకబరచి, 'అవునా, కాదా' అని నిలదీసే పాప్-అప్ కిటికీ అది.

ఇది ఇంజినీర్ల వ్యవహారం కదా, భాషోద్యమానికి దీనితో పనేమిటని పెదవి విరిచే మిత్రులు మనలోనే ఉన్నారు. చూపులేనివారి ఇబ్బందిని వికలాంగుల సంఘాలు చూసుకుంటాయి, మనం బడులలో తెలుగు మాధ్యమం సంగతి చూద్దామని వారి వాదన. ఈ వాదన తప్పని, సరిహద్దు తెలుగు కుటుంబాల విషయంలో మరీ తప్పని నిరూపించడమే ఈ వ్యాసంలో నా ప్రయత్నం.

మొదట ఆ కిటికీ పేరును చూడండి. దానిని తయారుచేసేవారు డైలాగ్ అంటారు, అనగా సంభాషణ. సంభాషణకు ఇద్దరుండాలి. అడిగినవారి మాట అడగబడినవారికి వినబడాలి, వారి జవాబు తిరిగి చేరాలి. మన జాలపుటలలో లేచే కిటికీలలో పెక్కింటికి ఈ రెండు లక్షణాలూ లేవు. పేరుకు సంభాషణ, తీరుకు హుకుం.

చూపులేనివారు కంప్యూటరును తెరచదువరి అనే ఉపకరణంతో వాడుతారు. తెర మీది రాతను అది గొంతుగా మార్చి వినిపిస్తుంది. మౌస్‌తో పని లేదు, అంతా మీటల పలక మీదనే. ట్యాబ్ మీట నొక్కినకొద్దీ ఒక గడి నుండి మరొక గడికి, ఒక బొత్తాం నుండి మరొక బొత్తానికి ధ్యాస మారుతుంది. పాప్-అప్ కిటికీ లేచినప్పుడు ఈ ధ్యాస కూడా కిటికీలోకి వెళ్లాలి. వెళ్లకపోతే చూపున్నవాని కంటికి కిటికీ తెర మధ్య ధగధగ మెరుస్తూనే ఉంటుంది, చూపులేనివాని చెవికి మాత్రం వెనుకనున్న పాత పుటయే వినిపిస్తూ ఉంటుంది. కిటికీ లేచిన సంగతి అతనికి తెలియదు. తన మీటలు ఎందుకు పనిచేయడం లేదో అంతకన్నా తెలియదు.

పాత్రపూర్ పరిసరాలలో పిల్లల దరఖాస్తులు నింపడంలో ఎన్నో ఏళ్లుగా చేయి వేస్తూ వచ్చినవాడిని గనుక, ఇది నేను కళ్లారా చూశాను. చూపులేని విద్యార్థిని ఒకతె తన వేతనపు దరఖాస్తును ఎవరి సాయమూ లేకుండా ముప్పావు వంతు నింపింది. గడువు ముగియడానికి అది చివరిరోజు. 'మీ సమయం అయిపోవుచున్నది, కొనసాగింతురా?' అనే కిటికీ ఇంగ్లీషులో లేచింది. తెరచదువరి దానిని చదవనే లేదు. ఆమె ట్యాబ్ నొక్కుతూనే ఉన్నది, వెనుక పుటలోని గడుల పేర్లు వినబడుతూనే ఉన్నాయి. కాసేపటికి పుట మాయమై, ప్రవేశద్వారం మళ్లీ మొదటికి వచ్చింది. "తాతగారూ, నేనేం తప్పు నొక్కాను?" అని ఆ పిల్ల నన్నడిగింది. ఆమె ఏ తప్పూ నొక్కలేదు. ఆ పుట ఎవరిదో ఇక్కడ చెప్పను. ఒక పుటను తిట్టి ఊరుకుంటే తీరే రోగం కాదిది.

ఆ కిటికీ తెలుగులో లేచినంత మాత్రాన ఆ పిల్లకు మేలు జరిగేదా? జరిగేది కాదు. ధ్యాస కిటికీలోకి వెళ్లనప్పుడు అది ఏ భాషలో ఉంటేనేమి? సరే, ధ్యాస వెళ్లింది గానీ కిటికీ ఆమెకు రాని భాషలో ఉన్నది, అప్పుడైనా మేలు జరిగేదా? అదీ లేదు. భాషాహక్కు, అందుబాటు హక్కు ఒకే తలుపుకు రెండు రెక్కలు. ఒక రెక్క మూసి ఉన్నా తలుపు మూసినట్టే.

ఇక మన మిత్రులు ఆలోచించవలసిన అసలు విషయానికి వస్తాను. గంజాం జిల్లాలో తెలుగు మాట్లాడే కుటుంబాలలో ఎందరు పిల్లలకు తెలుగు చదవడం వచ్చు? 1936 ఏప్రిల్ 1న ఒడిషా రాష్ట్రం ఏర్పడి, బరంపురంతో సహా ఈ ప్రాంతం మద్రాసు ఆధిపత్యం నుండి విడివడిన నాటి నుండి తరాలు మారాయి. ఇంట్లో అమ్మతో తెలుగు, బడిలో ఒడియా, ఉద్యోగానికి ఇంగ్లీషు అన్నది మన బతుకైపోయింది. తెలుగు చెవికి తెలుసు, కంటికి తెలియదు. అక్షరం రాని అవ్వల సంగతి సరేసరి. ఇటువంటి కుటుంబానికి తెర మీద రాసిన తెలుగు సగం మేలే చేస్తుంది, తెర నుండి వినిపించే తెలుగు పూర్తి మేలు చేస్తుంది. తెరచదువరికి అందేలా కట్టిన కిటికీ చూపులేనివారికే కాదు, తెలుగు లిపి రాని తెలుగువాడికి కూడా తెలుగులో మాట్లాడుతుంది. వికలాంగుల కోసమని మనం పక్కన పెట్టిన సాధనమే సరిహద్దులో తల్లినుడిని నిలబెట్టగల సాధనం.

అయితే అది మాట్లాడాలంటే కట్టేవారు కొన్ని నియమాలు పాటించాలి. బొమ్మలో అతికించిన తెలుగు పనికిరాదు, బొమ్మను యంత్రం అక్షరాలుగా చదవలేదు. నిజమైన యూనికోడ్ అక్షరాలే ఉండాలి. ఆ రాత తెలుగు అని పుట సంకేతంలో ప్రకటించాలి. దానికి 'లాంగ్' అనే గుణం ఒకటి ఉన్నది, తెలుగుకు 'టి.ఇ.' అని రెండక్షరాలు రాస్తే చాలు. అది లేకపోతే యంత్రం మన తెలుగును ఇంగ్లీషు గొంతుకు అప్పగించవచ్చు. ఆ గొంతు నోరు మెదపకపోవచ్చు, మెదిపినా అర్థంకాని గజిబిజి పలకవచ్చు. పుట అంతా ఒడియాలో ఉండి ఒక్క కిటికీ తెలుగులో లేచినప్పుడు ఆ కిటికీకి విడిగా ఈ గుర్తు పెట్టాలి. ప్రపంచ జాల అందుబాటు ప్రమాణాలలో పుట భాషకు ఒక నియమం, పుటలోని భాగాల భాషకు మరొక నియమం 2008 నుండే ఉన్నాయి. తెలుగు గొంతు లేదనే సాకు కూడా చెల్లదు. ఆస్ట్రేలియాలో 2006లో మొదలైన ఎన్.వి.డి.ఎ. అనే తెరచదువరి ఉచితంగా దొరుకుతుంది, దానితో వచ్చే ఈస్పీక్ గొంతులలో తెలుగు ఉన్నది. ఆండ్రాయిడ్ ఫోన్లలో గూగుల్ గొంతు తెలుగు పలుకుతుంది.

మరొక మాయ చూడండి. కొందరు కట్టేవారు సొంత కిటికీ కట్టే శ్రమ లేకుండా బ్రౌజరు ఇచ్చే 'అలర్ట్', 'కన్ఫర్మ్' కిటికీలను వాడుతారు. లోపలి ప్రశ్నను తెలుగులో రాయవచ్చు గానీ, కింది బొత్తాల మీది మాటలు బ్రౌజరు ఏ భాషలో అమర్చి ఉంటే ఆ భాషలోనే వస్తాయి. పుట రాసినవారు వాటిని మార్చలేరు. ప్రశ్న తెలుగులో, జవాబు ఇంగ్లీషులో! 'మీ దరఖాస్తు తొలగించాలా?' అన్న ప్రశ్న కింద 'ఓకే', 'క్యాన్సిల్' అని ఉంటే, 'క్యాన్సిల్' నొక్కితే రద్దయ్యేది తొలగింపా, దరఖాస్తా? చదువుకున్నవారే తడబడే చోట మన అవ్వలు ఏం చేయగలరు? బొత్తాం మీద 'తొలగించు', 'ఉండనివ్వు' అని పని పేరే ఉండాలి. వెనక్కి తీసుకోలేని పని అయితే ధ్యాస మొదట హాని లేని బొత్తాం మీద నిలవాలి.

ఇదంతా గొప్ప ఖర్చుతో కూడిన పని అని గుత్తేదార్లు చెప్పే మాట నమ్మకండి. హెచ్.టి.ఎమ్.ఎల్.లో 'డైలాగ్' అనే మూలకమే ఉన్నది. 2022 మార్చి నాటికి ప్రధాన బ్రౌజర్లన్నిటిలోనూ అది చేరింది. దానిని 'షోమోడల్' అనే ఆజ్ఞతో తెరిస్తే ధ్యాస లోపలికి వెళ్లడం, వెనుక పుట నిద్రాణం కావడం, ఎస్కేప్ మీటతో మూసుకోవడం, మూసిన తరువాత ధ్యాస బయలుదేరిన చోటికే తిరిగి రావడం – ఇవన్నీ బ్రౌజరే చూసుకుంటుంది. కట్టేవారికి మిగిలే పని కిటికీకి ఒక పేరు తగిలించడం, మూసే బొత్తానికి కేవలం గుణకారపు గుర్తు కాక 'మూసివేయి' అన్న మాట ఇవ్వడం, భాష గుర్తు పెట్టడం. సమయం ముగిసే హెచ్చరికకు కూడా ప్రమాణం ఉన్నది: గడువును పొడిగించుకోవడానికి కనీసం 20 సెకన్లు ఇవ్వాలి, ఒక తేలికైన చర్యతో కనీసం పదిసార్లు పొడిగించుకోనివ్వాలి. ఆ పిల్ల విషయంలో ఈ ఒక్క నియమం సరిగా పాటించి, ఆ హెచ్చరికను ఆమె చెవికి చేర్చి ఉంటే ఆమె దరఖాస్తు నిలిచేది.

తెలుగు అక్షరానికి చోటు కూడా అడగాలి. మన లిపికి పైన గుడి, కింద వత్తు ఉంటాయి. ఇంగ్లీషు కొలతకు బిగించిన బొత్తాలలో 'వ్యక్తిగత', 'ధ్రువపత్రం' అన్న మాటల వత్తులు తెగిపడుతున్నాయి. చూపు మందగించి అక్షరాలను పెద్దవి చేసుకునే ముసలివారికి కిటికీ తెర దాటిపోయి, మూసే బొత్తామే కనబడదు.

చట్టం మన పక్షాననే ఉన్నది. 2017 ఏప్రిల్ 19 నుండి అమలులోనున్న వికలాంగుల హక్కుల చట్టం, 2016, సమాచార సాంకేతిక సేవలు అందుబాటులో ఉండాలని 42వ సెక్షనులో ఆదేశించింది. ప్రభుత్వ జాలపుటలకు మార్గదర్శకాలు 2009లోనే వెలువడ్డాయి, 2023లో మూడవ కూర్పు వచ్చింది. రాజీవ్ రాతూరి కేసులో 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు అందుబాటు నియమాలు సలహాలుగా మిగిలిపోరాదని, తప్పనిసరి కావాలని తీర్పు చెప్పింది. ప్రజ్ఞా ప్రసూన్ కేసులో 2025 ఏప్రిల్ 30న డిజిటల్ అందుబాటు రాజ్యాంగపు 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని చాటింది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్నట్టు, కోర్టు ఇచ్చినది కిటికీ ఇవ్వకపోవడమే మన గోడు.

సేవాకేంద్రానికి పోతే అక్కడి కుర్రవాడు నింపిపెడతాడు కదా అని సమాధానం చెప్పే అధికారులకు ఒక్క ప్రశ్న. మీ ఫోనుకు వచ్చిన రహస్యసంఖ్యను, మీ బ్యాంకు ఖాతా అంకెలను ప్రతిసారీ పరాయివాని చేతిలో పెట్టడానికి మీరు సిద్ధమేనా? మీకు అక్కరలేని పారతంత్ర్యం మాకెందుకు?

ఒడియాకు మేము విరోధులము కాము. ఈ కోరిక ఒడియా అవ్వకూ, సవర తమ్ముడికీ అంతే వర్తిస్తుంది. పర్లాకిమిడిలో ఉండి సవరల కోసం పాటుపడిన గిడుగు రామమూర్తి పంతులుగారు, మన్యపు జ్వరానికి వాడిన క్వినైను మూలంగా వినికిడి కోల్పోయారు. చెవులు వినబడని ఆ మనిషే జనం నోటి భాష కోసం జీవితమంతా పోరాడారు. భాష వేరు, అందుబాటు వేరు అని విడదీసేవారు ఆయన ఊరు మన పొరుగునే ఉన్నదని మరువరాదు.

పాఠక సోదరసోదరీమణులారా! మీరు వాడే ఏ దరఖాస్తు పుటనైనా ఈ నెలలో పరీక్షించండి. మౌస్‌ను పక్కన పెట్టండి. కిటికీ లేచినప్పుడు ట్యాబ్ నొక్కితే ధ్యాస లోపల తిరుగుతున్నదా? ఎస్కేప్ నొక్కితే మూసుకున్నదా? మూసిన తరువాత మీరున్న చోటికే వచ్చారా? అక్షరాలు పెద్దవి చేస్తే బొత్తాలు నిలిచాయా? తెరచదువరి దానిని తెలుగులో పలికిందా? జవాబులు తేదీతో సహా రాసి, తెర చిత్రం జతచేసి, సంబంధిత శాఖకు తెలుగులోనే పంపండి. రాష్ట్రంలో గానీ కేంద్రంలో గానీ వాడుకలోనున్న ఏ భాషలోనైనా ఫిర్యాదు చేసుకునే హక్కును రాజ్యాంగపు 350వ అధికరణం మనకిచ్చింది. భాషా అల్పసంఖ్యాకుల కమిషనరుకు ఒక ప్రతి, వికలాంగుల కమిషనరుకు మరొక ప్రతి పంపండి. ఇద్దరికీ ఒకే ఉత్తరం వెళ్లినప్పుడే ఇది రెండు సమస్యలు కాదనీ, ఒకే సమస్య అనీ వారికి తెలిసివస్తుంది. పాత్రపూర్ నుండి, చికిటి నుండి, బరంపురం నుండి, ఆవలనున్న ఇచ్ఛాపురం నుండి కూడా ఉత్తరాలు కదలాలి. తెలుగు బడుల కోసం పెట్టే సభలలో ఇకమీదట ఈ కోరికను కూడా తీర్మానాలలో చేర్చాలని నా విన్నపం.