‘సాగదీయు’ శిష్టపదం కాదా?

ఆంగ్లంలోని ‘ప్రొట్రాక్ట్’ అనే క్రియను తెలుగులోకి తేవలసి వచ్చినప్పుడు పరిశోధకులు తరచు ‘దీర్ఘీకరించు’ అనో ‘పొడిగించు’ అనో రాస్తున్నారు. ‘సాగదీయు’ను వట్టి వాడుకమాటగా ఎంచి పక్కన పెడుతున్నారు. ఈ ఎంపికకు వ్యాకరణంలో గాని, అర్థవిచారంలో గాని ఆధారం లేదు.

ఆ ఆంగ్లక్రియకు మూలమైన లాటిన్ పదానికి ‘ముందుకు లాగు’ అని అర్థం. తెలుగు పదం ‘సాగన్ + తీయు’. ద్రుతం మీది పరుషం సరళమై ‘సాగదీయు’ అయింది. రెండింటిలోనూ ఉన్నది లాగడమే. ‘పొడుగు’ నుంచి పుట్టిన ‘పొడిగించు’లో ఉన్నది చేర్చడం. గోదావరి డెల్టా వాడుకలో ఈ భేదం స్పష్టం. పంటకాలువను శివారు పొలాల దాకా పొడిగిస్తారు, సాగదీయరు. తీర్థాలలో అమ్మే జీళ్ళ పాకాన్ని కొక్కేనికి తగిలించి సాగదీస్తారు, పొడిగించరు. కాలువకు కొత్త నిడివి కలుస్తుంది. పాకం ఎంత సాగినా ఉన్న బెల్లమే సన్నబడుతుంది. సెలవు పొడిగిస్తే రోజులు చేరుతాయి. విచారణ సాగదీస్తే వాయిదాలే తప్ప విషయం పెరగదు.

డెల్టాకు ఎగువన పోలవరం ప్రాజెక్టుకు 1981లో శంకుస్థాపన జరిగింది. నాలుగు దశాబ్దాలు దాటినా పూర్తి కాలేదు. గడువు మారినప్పుడల్లా అధికారభాషలో అది ‘పొడిగింపు’. ముంపు గ్రామాల నిర్వాసితుల వైపు నుంచి చూస్తే ‘సాగదీత’. మొదటి మాటలో గడువు ఇచ్చినవారి అధికారం కనబడుతుంది, రెండవదానిలో జాగు చేసినవారి బాధ్యత. ‘దీర్ఘకాలిక జాప్యం’ అంటే ఎవరూ కనబడరు. జాప్యం మొండివ్యాధిలా తనంతట తానే వచ్చినట్టుంటుంది. నిర్వాసిత సాహిత్యాన్ని పరిశీలించే వ్యాసకర్త ఏ మాట ఎంచుకుంటే ఆ పక్షాన నిలిచినట్టే. తటస్థత పేరుతో కర్తను దాచడం కూడా ఒక పక్షమే.

‘సాగదీయు’లో నింద ఉంది కనుక అన్నిచోట్లా చెల్లదన్న ఆక్షేపణలో కొంత నిజముంది. 1938 నాటి మావో ప్రసంగాల ప్రభావంతో తెలుగులో స్థిరపడిన ‘దీర్ఘకాలిక ప్రజాయుద్ధం’ అన్న మాట సరైనదే. అక్కడ కాలం తీసుకోవడం వ్యూహం, దోషం కాదు. అయితే ఒక సందర్భానికి కుదిరిన మాటను వ్యాజ్యాలకు, చర్చలకు, పునరావాసానికి సైతం అంటగట్టడం అనువాదం కాదు, అలవాటు. ఇక వాడుకమాట శాస్త్రానికి తగదన్న వాదమా? 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి రైతుల మాటలతో వృత్తిపదకోశం వెలువరించిన తరువాత కూడా తెలుగుశాఖలలో అది వినబడడం వింతే.

ఆంగ్లాంధ్ర నిఘంటువులు ఈ క్రియలను కామాలతో వరుసపెట్టి వదిలివేయకుండా, దేనికి ఏ కర్త, ఏ కర్మ కుదురుతాయో ప్రయోగాలతో చూపవలసి ఉంది.