పెంటయ్య పేరు వెనుక

 పుట్టిన రాత్రే కంసుడి చేతికి అందకుండా యమున దాటి, యశోద కొడుకుగా పెరిగినవాడు కృష్ణుడు. కన్నవారి నుంచి తప్పించి మరొకరి బిడ్డగా చూపితే చావు మళ్లిపోతుందన్న ఆశ పురాణంతోనే ఆగలేదు. పుట్టినవాళ్లు పుట్టినట్టే పోయిన తెలుగు ఇళ్లలో కొత్త బిడ్డను పెంటకుప్ప మీద పడుకోబెట్టి, ఇంకొకరి చేత ఎత్తించి పెంటయ్య అన్నారు. తవుడిచ్చి కొనుక్కున్నట్టు చేసి తవిటయ్య అన్నారు. ఈ బిడ్డ మాది కాదు, వీడికి విలువ లేదు అని మృత్యువును నమ్మించడమే ఆ పేర్ల పని.

ఇవి కింది కులాలకు అంటగట్టిన అవమానపు పేర్లే కదా అని కొందరంటారు. పెంటిగాడా అని పిలిచిన దొరల అహంకారం నిజమే, ఆ గాయమూ నిజమే. కానీ పిలిచిన నోటి దోషాన్ని పెట్టిన తల్లి మీద వేయలేం. జపాన్‌ను ఒక్క ఏలుబడి కిందికి తెచ్చిన తొయొతోమి హిదెయోషి సంగతి చూడండి. యాభై దాటాక, 1589లో కలిగిన కొడుకును ఆయన ‘సుతె’ అన్నాడు, అంటే పారేసినవాడు. 1593లో పుట్టిన మరో కొడుకు హిదెయోరికి చిన్ననాటి పేరు ‘హిరోయ్’, అంటే దొరికినవాడు. పారేసిన బిడ్డ బతుకుతాడన్న నమ్మకం ఆ దేశంలోనూ ఉంది. కోటలో ఉన్న తండ్రికీ గుడిసెలో ఉన్న తల్లికీ బిడ్డ పోతాడన్న దిగులు ఒక్కటే. ఆ దిగులుకు కులం లేదు.

మూఢనమ్మకాన్ని ఎందుకు మోయాలన్నది రెండో ప్రశ్న. మోయనక్కర్లేదు. సుతె 1591లోనే చనిపోయాడు, హిదెయోరి బతికి పెద్దవాడయ్యాడు. ప్రాణం నిలిపే శక్తి పేరుకు లేదు. మన పిల్లల్ని నిలబెట్టినవి టీకాలు, మంచినీళ్లు, ఆసుపత్రి కాన్పులు. అందుకే ఈ పేర్లు ఇవాళ ఎవరూ పెట్టనక్కర్లేదు. అయితే వాడకం పోయిందని అర్థాన్నీ పోగొట్టుకోకూడదు. పురిట్లో పోయిన పిల్లల లెక్క రాజుల చరిత్రల్లో ఉండదు. ఆ కుటుంబానికి మిగిలిన సాక్ష్యం చాలాసార్లు తాత పేరొక్కటే. పెంటయ్య అంటే అతనికి ముందు ఆ ఇంట్లో చావులు జరిగాయని, అతను బతకాలని ఒక తల్లి తన గర్వాన్ని కూడా వదులుకుందని అర్థం. పిల్లల పేర్ల పుస్తకాలు వేసేవాళ్లు సంస్కృత నామాల పక్కన ఈ పేర్లకూ అర్థం రాయాలి. తాత పేరు చెప్పడానికి సిగ్గుపడుతున్న మనవడికి ఆ పేరు ఎందుకు పెట్టారో ఇంట్లో పెద్దలే చెప్పాలి.